కళ్ళు మండితే కంప్యూటరుదేనా తప్పు?

సాయంత్రం ఏడు దాటాక ఏ ఊళ్ళోనైనా మందుల షాపు దగ్గర ఓ పావుగంట నిలబడి చూడండి. "కళ్ళు మండుతున్నాయండీ. పొద్దస్తమానం కంప్యూటరు మీద పని. ఏదైనా చుక్కల మందు ఇవ్వండి" అని అడిగేవారు ఒక్కరైనా కనిపిస్తారు. ఆయన బ్యాంకు గుమాస్తా కావచ్చు. మీసేవ కేంద్రంలో కూర్చునే అమ్మాయి కావచ్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు టైపు చేసే కుర్రవాడు కావచ్చు, అమెరికా వేళల ప్రకారం ఇంట్లోంచే ఉద్యోగం చేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కావచ్చు. షాపతను మారు మాటాడకుండా ఓ చిన్న సీసా తీసి ఇస్తాడు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. వారం తిరక్కుండా మళ్ళీ వస్తుంది. మళ్ళీ అదే సీసా.

ఆ సీసాలో ఏముందో కొన్నవారు చూడరు. దాని సంగతి కాసేపట్లో చెప్పుకుందాం. కంప్యూటరు కంటిని ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అన్నది ముందు తెలియాలి.

పెద్దవాళ్ళకు కంప్యూటరు చూడటం వల్ల చూపు పోవటం అంటూ ఉండదు. తెర నుంచి వచ్చే వెలుతురు కంటి లోపలి పొరల్ని కాల్చెయ్యదు. కళ్ళు అలిసిపోతాయి, ఆరిపోతాయి, తలనొప్పి తెస్తాయి. విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి. దగ్గరి పనితో కళ్ళు అలవటం ఈనాటి సంగతి కాదు. కంసాలికి తెలుసు, దర్జీకి తెలుసు, గడియారాలు బాగుచేసేవాడికి తెలుసు. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన పాతకాలపు కంపోజిటర్లకు మరీ బాగా తెలుసు. ఇటలీ వైద్యుడు బెర్నార్డీనో రమజీని 1700లో వృత్తుల వల్ల వచ్చే జబ్బుల మీద పుస్తకం రాస్తూ, సన్నని పని చేసేవారి కళ్ళ బాధలకు ఏకంగా ఓ అధ్యాయం కేటాయించాడు. మధ్యమధ్య పని మీంచి చూపు మరల్చమని ఆయన చెప్పిన సలహానే ఈనాటి కంటి డాక్టర్లూ చెబుతున్నారు.

అయితే ఒక తేడా ఉంది. కంసాలి కొలిమి దగ్గరికి లేస్తాడు. దర్జీ గుడ్డ కత్తిరించటానికి లేస్తాడు. వెనకటి గుమాస్తా లెడ్జరు కోసం బీరువా దాకా నడిచేవాడు. ఇప్పుడు లెడ్జరూ తెర మీదే, ఉత్తరాలూ తెర మీదే, పక్కసీటు స్నేహితుడితో కబుర్లూ తెర మీదే. మధ్యలో టీ తాగటానికి లేచినా చేతిలో ఫోను తెర! కంటికి పని మారటం లేదు. చిక్కంతా అక్కడుంది.

రెప్ప వెయ్యటం మరిచిపోతాం

జపాను డాక్టర్లు త్సుబోటా, నకమోరి 1993లో ఒక చిన్న లెక్క ప్రకటించారు. ఆఫీసుల్లో పనిచేసే 104 మంది నిమిషానికి ఎన్నిసార్లు రెప్ప వేస్తారో లెక్కపెట్టారు. తీరిగ్గా ఉన్నప్పుడు సగటున 22 సార్లు. పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు. కంప్యూటరు తెర చూసేటప్పుడు 7 సార్లు! అంటే మూడింట ఒక వంతుకు పడిపోయిందన్నమాట. పైగా తెర ముందు వేసే రెప్పల్లో చాలా భాగం సగం రెప్పలే; పూర్తిగా మూతపడవు.

రెప్ప వేస్తే ఏమిటి, వెయ్యకపోతే ఏమిటి అంటారా? నల్లగుడ్డు మీద ఎప్పుడూ పల్చని కన్నీటి పొర ఉంటుంది. దాని మీద ఇంకా పల్చగా నూనెలాంటి పదార్థం పరుచుకుని ఉంటుంది. ఈ నూనె రెప్పల అంచున ఉండే సన్నని గ్రంథుల నుంచి వస్తుంది. పాల మీద మీగడలాగా ఇది కన్నీటిని త్వరగా ఆరిపోకుండా కాపాడుతుంది. ప్రతి రెప్పపాటూ ఆ నూనెను కాస్త పిండి, ఈ పొరను కొత్తగా అలికినట్టు పరుస్తుంది. రెప్ప వెయ్యకపోతే పొర అక్కడక్కడ చిట్లి, ఆ మేర కన్ను ఆరిపోతుంది. మంట, గరగర, ఇసుక పడ్డట్టు ఉండటం, సాయంత్రానికి ఎర్రబడటం, ఇవన్నీ అందువల్లే.

"నా కళ్ళు పొడిబారాయంటారేమిటి డాక్టరు గారూ, ధారగా నీళ్ళు కారుతుంటే!" అని ఆశ్చర్యపోయేవారున్నారు. నిజమే, విచిత్రంగానే ఉంటుంది. కన్ను ఆరి మండగానే కన్నీటి గ్రంథి కంగారుగా ఒక్కసారి నీళ్ళు వదులుతుంది. అందులో కంటికి అంటుకుని నిలిచే గుణం తక్కువ. చెంపల మీదికి జారిపోతుంది, కన్ను మళ్ళీ ఆరుతుంది. కాబట్టి ఏసీ గదిలో కంప్యూటరు ముందు కళ్ళు నీళ్ళు కారుతున్నాయంటే అది చాలాసార్లు పొడి కన్నే. ఇంకో గుర్తు కూడా ఉంది. అక్షరాలు మసకబారి, రెండుమూడు సార్లు రెప్ప ఆర్పగానే స్పష్టంగా కనిపిస్తే ఆ మసక కన్నీటి పొరది. రెప్ప వేసినా పోని మసక వేరే జాతి. ఈ తేడా గుర్తుంచుకోండి, చివర్లో అవసరమవుతుంది.

దీనికి చెయ్యవలసిన పనులు చాలావరకు ఖర్చులేనివి. ఏసీ గాలిగానీ టేబుల్ ఫాను గాలిగానీ తిన్నగా మొహానికి కొట్టకుండా కుర్చీ జరపండి. కంప్యూటరు తెర ఎత్తు చూసుకోండి. మన ఆఫీసుల్లో చాలాచోట్ల తెరను నాలుగు పాత ఫైళ్ళ మీదో, సీపీయూ పెట్టె మీదో ఎక్కిస్తారు. దర్జాగా కనిపిస్తుందేమో కానీ కంటికి చేటు. పైకి చూస్తే రెప్పలు పూర్తిగా విచ్చుకుని కన్ను ఎక్కువగా గాలికి ఆరుతుంది. తెర మధ్యభాగం మీ కంటి మట్టానికి నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలి. చూపు కిందికి వాలితే పై రెప్ప గొడుగులా కప్పుతుంది.

గంటకోసారి గుర్తు తెచ్చుకుని పదిసార్లు నెమ్మదిగా, రెండు రెప్పలూ తాకేలా కళ్ళు మూసి తెరవండి. రాత్రి పడుకోబోయే ముందు శుభ్రమైన గుడ్డ గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మూసిన కళ్ళ మీద ఐదు నిమిషాలు వేసుకోండి. రెప్పల్లోని నూనె కరిగి, గ్రంథుల దారులు తెరుచుకుంటాయి. గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచాలి. నీళ్ళు చర్మం కాలేంత వేడిగా ఉండకూడదని వేరే చెప్పనక్కరలేదు. కాంటాక్ట్ లెన్సులు వాడేవారికి, నెలసరి ఆగిన స్త్రీలకు, జలుబుకూ ఎలర్జీకీ తరచు మాత్రలు వేసుకునేవారికి కళ్ళు ఇంకా తొందరగా ఆరుతాయి. వీరు మరికాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఆ చిన్న సీసా సంగతి

ఇవన్నీ చేసినా మంట తగ్గకపోతే చుక్కలు వాడవచ్చు. వాడవలసినవి కృత్రిమ కన్నీళ్ళు. మిథైల్ సెల్యులోజ్ జాతి పదార్థాలతో చేసే ఈ చుక్కలు మందు కంటే తడి అనటమే సబబు. రోజుకు నాలుగుసార్లు మించి వెయ్యవలసి వస్తే నిలవ ఉంచే రసాయనం కలపని రకం అడగండి; ఆ రసాయనమే కొందరి కళ్ళను మళ్ళీ మండిస్తుంది. మామూలు సీసా మూత తీశాక నెల దాటితే పారెయ్యాలి. ఒక సీసాను ఇంటిల్లిపాదీ వాడటం మంచి అలవాటు కాదు.

మందుల షాపులో అడిగిన వెంటనే వచ్చే సీసా చాలాసార్లు ఇది కాదు. కొన్నిటిలో రక్తనాళాలను ముడిచి కంటిని తెల్లగా చూపించే మందు ఉంటుంది. నాలుగు రోజులు వాడి ఆపితే కన్ను మునుపటికంటే ఎర్రబడుతుంది. ఇంకా ప్రమాదమైనవి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. సీసా మీద సన్నని అక్షరాల్లో డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. చాలాసార్లు ఒక యాంటీబయాటిక్‌తో కలిపి ఉంటుంది కాబట్టి "ఇన్ఫెక్షన్ మందు" అని చేతిలో పెడతారు. చట్టప్రకారం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. సరైన జబ్బుకు, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా అది అమృతం. మంటకో దురదకో సొంతంగా వారాల తరబడి వేసుకుంటే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పైపెచ్చు కళ్ళు హాయిగా ఉంటాయి. లోపల మాత్రం దృష్టినాడి కొంచెం కొంచెంగా దెబ్బతింటూ ఉంటుంది. దాన్నే నీటికాసులు, గ్లకోమా అంటారు. అలా పోయిన చూపును ఏ ఆపరేషనూ తిరిగి తేలేదు. శుక్లాలు రావటం ఇంకో ముప్పు. కంప్యూటరు చెయ్యని హాని కంప్యూటరు పేరు చెప్పి కొన్న సీసా చేస్తుందన్నమాట.

తేనె, పన్నీరు, ఆముదం, తల్లిపాలు వగైరా కంట్లో వేసే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. ఏదీ వద్దు. పొన్నగంటి కూర మానవద్దు. అది కంట్లో వెయ్యం కదా! అయితే ఆకుకూరలు తిన్నంత మాత్రాన రోజుకు పదిగంటల తెర చూసిన అలసట పోతుందనుకోకండి.

దూరం, చత్వారం

కంటిలో కటకం చుట్టూ ఒక చిన్న కండరం ఉంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు అది బిగుసుకుంటుంది. దూరం చూస్తే వదులవుతుంది. రోజంతా తెర చూడటమంటే బకెట్టు నీళ్ళు చేత్తో పట్టుకుని దించకుండా నిలబడటం లాంటిది. బకెట్టు మరీ బరువు కాదు, దించకపోవటమే బాధ. అందుకే 20 నిమిషాలకోసారి, 20 అడుగులకు పైబడి దూరంలో ఉన్న వస్తువును, 20 సెకన్లపాటు చూడమంటారు. కిటికీలోంచి కనిపించే వేపచెట్టు, ఎదుటి మేడ మీది నీళ్ళ ట్యాంకు, ఏదైనా సరే. చిన్న గదిలో 20 అడుగులు ఎక్కడివి అంటే, ఎదుటి గోడకు ఓ అద్దం తగిలించి అందులో మీ వెనక గోడను చూడండి. దూరం రెట్టింపవుతుంది. కంటి డాక్టర్ల చిన్న గదుల్లో అక్షరాల బోర్డును అద్దంలో చూపించేది ఈ లెక్క ప్రకారమే.

తెరకూ కంటికీ మధ్య 20 నుంచి 28 అంగుళాల దూరం ఉంటే మంచిది. సుమారుగా చెయ్యి చాపినంత. అంత దూరం నుంచి అక్షరాలు కనిపించకపోతే ముందుకు వంగకండి, అక్షరాల్ని పెద్దవి చెయ్యండి. కంప్యూటరులో అదొక్క క్షణం పని. అయినా చాలామంది ఏళ్ళ తరబడి మెడ చాచుకునే కూర్చుంటారు.

నలభై దాటినవారి సంగతి వేరుగా చెప్పాలి. చత్వారం వచ్చాక చదువుకునే అద్దాలు తీసుకుంటాం. ఆ అద్దాలు పేపరు పట్టుకునే దూరానికి, అంటే సుమారు 14, 16 అంగుళాలకు లెక్కకట్టినవి. కంప్యూటరు తెర 25 అంగుళాల దూరంలో ఉంటుంది. దూరపు అద్దాలతో అదీ కనిపించదు, దగ్గర అద్దాలతో ఇదీ కనిపించదు! బైఫోకల్ పెట్టుకున్నవారి అవస్థ మరీ చిత్రం. దగ్గరి ముక్క అద్దం కింది భాగాన ఉంటుంది, తెర ఎదురుగా ఉంటుంది. అందుకని గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి, ముక్కు కింద నుంచి చూస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి మెడనొప్పి. ఎముకల డాక్టరు చుట్టూ తిరుగుతారు, మెడకు పట్టీ కట్టుకుంటారు. తప్పు కళ్ళజోడుదని ఎవరికీ తట్టదు.

మందు సులువు. మీ కూతురి చేతికి టేపు ఇచ్చి, మీరు మామూలుగా కూర్చున్నప్పుడు కంటికీ తెరకూ ఎన్ని అంగుళాలుందో కొలవమనండి. ఆ అంకె కాగితం మీద రాసి డాక్టరుకు చూపి, ఆ దూరానికి సరిపడే నెంబరుతో కంప్యూటరుకు ప్రత్యేకంగా ఒక జోడు రాయించుకోండి. ఆఫీసులోనే వదిలేసి రావచ్చు. నలభై లోపువారికి కూడా కొంచెం సిలిండరు నెంబరో, చిన్న ప్లస్ నెంబరో ఉండి ఉండవచ్చు. మామూలు పనికి అది తెలియదు. ఎనిమిది గంటలు తెర ముందు కూర్చునేసరికి నుదురు నొప్పిగా బయటపడుతుంది.

నీలికాంతి అద్దాల గురించి అందరూ అడుగుతున్నారు. కళ్ళజోళ్ళ షాపులో ఓ చిన్న టార్చి నీలిరంగు వెలుగు కొట్టి చూపించి, వందల రూపాయలు అదనంగా తీసుకుంటున్నారు. వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టి తేల్చే కోక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాలను కలిపి చూసింది. మామూలు అద్దాలతో పోలిస్తే వీటివల్ల కంటి అలసట తగ్గుతున్నట్లు కనిపించలేదని చెప్పింది. తెర నుంచి వచ్చే నీలికాంతి, పగటి ఆకాశం నుంచి వచ్చేదానితో చూస్తే చాలా స్వల్పం. ఇప్పటికే కొనేసినవారు పారెయ్యనక్కరలేదు, హాని లేదు. కొనబోయేవారు ఆ డబ్బు కంటి పరీక్షకు ఖర్చుపెట్టటం తెలివైన పని.

వెలుతురు విషయం కొద్దిగా. తెరను ఒకసారి ఆర్పి, నల్లటి అద్దంలా ఉన్నప్పుడు అందులోకి చూడండి. కిటికీయో ట్యూబులైటో అందులో కనిపిస్తే రోజంతా మీ కన్ను దానితో కుస్తీ పడుతున్నట్టే. కిటికీ పక్కకు వచ్చేలా బల్ల తిప్పండి. తెర వెలుగు, పక్కన పెట్టిన తెల్ల కాగితం కంటే జిగేలుమనకూడదు, మసగ్గానూ ఉండకూడదు. దీపాలార్పి చీకట్లో ఫోను చూడటం కంటికి శ్రమ, నిద్రకు శత్రువు.

పిల్లల విషయంలో మాత్రం పైన పెద్దలకు ఇచ్చిన అభయం చెల్లదు. ఎదిగే కన్ను గంటల తరబడి దగ్గరికే చూస్తూ, ఎండ మొహం చూడకపోతే మైనస్ నెంబరు వచ్చే అవకాశం పెరుగుతుంది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని బడుల పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్ళు గమనించారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆ పిల్లల్లో 30.4 శాతానికి హ్రస్వదృష్టి వచ్చింది. మామూలు బడుల్లో 39.5 శాతానికి వచ్చింది. ఏ మందూ లేదు, ఉత్త పగటి వెలుతురు! సాయంత్రం ఆటల గంటను ట్యూషనుకు బదలాయించే తల్లిదండ్రులు ఈ లెక్కను కాస్త చూడాలి.

కంప్యూటరు మీదికి నెట్టకూడనివి

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పైన చెప్పినట్లు కుర్చీ, తెర, జోడు, రెప్ప అన్నీ సరిచేసుకుంటే రెండుమూడు వారాల్లో హాయి తెలియాలి. తెలియకపోతే, "ఏముందిలే, కంప్యూటరు వల్లే" అని సరిపెట్టుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించి పెద్ద సర్వే జరిపింది. నీటికాసుల్లో నెమ్మదిగా ముదిరే రకం ఉన్నట్లు తేలినవారిలో పదింట తొమ్మిదిమందికి పైగా, ఆ పరీక్ష జరిగేదాకా తమకు ఆ జబ్బు ఉన్నట్లే తెలియదు. పక్క చూపు ముందు పోతుంది, ఎదుటి చూపు చివరిదాకా నిలుస్తుంది. అక్షరాలు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి కనుక అనుమానం రాదు.

చక్కెర జబ్బు కూడా అంతే. నేత్రపటలంలో రక్తనాళాలు చిట్లటం మొదలైనా మొదట్లో చూపుకు ఏ లోటూ ఉండదు. చక్కెర ఉన్నవారు, కళ్ళు బాగా కనిపిస్తున్నా సరే, ఏడాదికోసారి పాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని లోపలి పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉన్నవారు, ఎక్కువ మైనస్ నెంబరు ఉన్నవారు, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవారు కంటి ఒత్తిడి కొలిపించుకుని దృష్టినాడిని చూపించుకోవాలి. కళ్ళజోళ్ళ షాపులోని యంత్రం నెంబరు చెబుతుంది, అంతే. ఒత్తిడీ చెప్పదు, నాడినీ చూడదు. తెలంగాణలో 2018లోనూ 2023లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోనూ కంటివెలుగు పేరుతో జరిగిన శిబిరాల్లో అద్దాలు తీసుకున్నవారు కూడా "మాకు పరీక్ష అయిపోయింది" అని ఊరుకోకూడదు. ఆ తరువాత ఏళ్ళు గడిచాయి. డబ్బుకు వెనకాడేవారికి హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖపట్నంలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

ఇంట్లో చేసుకోదగ్గ చిన్న పరీక్ష ఒకటుంది. మీ జోడు పెట్టుకుని, గోడ మీది క్యాలెండరుకు పది అడుగుల దూరంలో నిలబడండి. ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా కప్పి తేదీలు చూడండి. తరువాత రెండో కన్ను. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను చెడ్డ కంటి లోపాన్ని కప్పిపుచ్చుతుంది; ఒక కంట్లో చూపు తగ్గిన సంగతి నెలల తరబడి తెలియకపోవచ్చు. ఒక కంట్లో మసకగా ఉన్నా, గీతలు వంకరగా కనిపించినా, రెప్ప ఆర్పినా మసక పోకపోయినా ఆ వారంలోనే డాక్టరును కలవండి.

ఆ రోజే పరుగెత్తవలసినవి వేరే ఉన్నాయి. ఉన్నట్టుండి కంట్లో మెరుపులు మెరిసి నల్లని చుక్కలు వానలా పడటం, చూపుకు ఒక పక్క నుంచి తెర దిగినట్లు ఉండటం, తీవ్రమైన నొప్పితో కన్ను ఎర్రబడి వాంతులు కావటం, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించటం, హఠాత్తుగా చూపు పోవటం. వీటికి చుక్కలు వేసుకుని తెల్లారేదాకా చూద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత కళ్ళజోళ్ళన్నీ, ఇంతవరకు వాడిన చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే, పట్టుకెళ్ళండి. తెర దూరం రాసిన కాగితం మరవకండి. ఏ పూట ఎక్కువగా బాధ ఉంటుంది, సెలవు రోజుల్లో తగ్గుతుందా అన్నది చెప్పండి. పాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు కనిపించవు, ఎండ భరించలేరు. కాబట్టి ఆ పూట సెలవు పెట్టండి. స్కూటరు ఇంట్లోనే ఉంచి, తోడు ఎవరినైనా తీసుకుని ఆటోలో వెళ్ళండి.